బావ ఊఁ కొట్టిన ఆత్మకథలు

చదవదగ్గ ఆత్మకథలు చెప్పమని ఎవరైనా అడిగితే నేను ముందు ఒక ప్రశ్న వేస్తాను: ఎవరికోసం? తీరిక దొరికినవాళ్ళకైతే ఏ గ్రంథాలయంలోనైనా బీరువా నిండుగా ఉన్నాయి. భయపడుతున్న మనిషి కోసమైతే మాత్రం నా దగ్గర ఒక కొలత ఉంది. పుస్తకం తెరిచి, రాసిన మనిషి ఎక్కడ భయపడ్డాడో వెతుకుతాను. ఆ పేజీ దొరికితే పుస్తకం ఇస్తాను. దొరక్కపోతే, అది ఎంత గొప్పవారిదైనా, తిరిగి బీరువాలో పెట్టేస్తాను. ఈ కొలతను నేను సాహిత్య విమర్శ చదివి నేర్చుకోలేదు. మా అక్క భర్త, అంటే మా బావ, మూత్రపిండాలు పాడై, డయాలసిస్ మిషను ఎక్కనని మొండికేసిన రోజుల్లో, ఆయన మంచం పక్కన కూర్చుని చదివి వినిపిస్తూ నేర్చుకున్నాను.

బావది మార్కాపురంలో పలకల వ్యాపారం. గని నుంచి వచ్చిన రాయిని పొరలుగా చీల్చి, చదును చేసి, చెక్క చట్రం బిగించే షెడ్డు ఒకటి ఆయన వయసంతా నడిపాడు. పిల్లల చేతుల్లో పలకలు తగ్గిపోయాక ఆ షెడ్డులోనే ఇళ్ళ గోడలకు అతికించే రాతి బిళ్ళలు కోయిస్తున్నాడు. షుగరు, బీపీ రెండూ చాలాకాలంగా ఉన్నాయి. వాటివల్ల ముందు కళ్ళు మసకబారాయి, తరువాత మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. మా పడమటి ప్రాంతంలో కిడ్నీ జబ్బు అనగానే అది ఎట్లా వచ్చిందని ఎవరూ అడగరు. ఏ ఊరి నీళ్ళు తాగారని అడుగుతారు.

డాక్టరు మాటల్లో సందిగ్ధం ఏమీ లేదు. మందులతో నెట్టుకొచ్చే దశ దాటిపోతోంది. డయాలసిస్ మొదలుపెట్టాలి. దానికి ముందుగా చేతిలో రక్తనాళాలను కలిపే చిన్న ఆపరేషను చేయాలి, అది కుదురుకోవడానికి వారాలు పడుతుంది, కాబట్టి ఆలస్యం చేయకూడదు. అప్పటిదాకా నీళ్ళు, పాలు, మజ్జిగ, కాఫీ అన్నీ కలిపి రోజుకు ఒక లీటరు దాటకూడదు. బావ అన్నీ విన్నాడు. ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతూ అన్నాడు:

"ఎక్కినోళ్ళు ఎవురన్నా దిగినారా?"

"ఎక్కడ?" అన్నాను.

"మిషను. చంద్రశేఖరపురం మామ ఎక్కినాడు, పోయినాడు. కనిగిరిలో మా వియ్యంకుడి తమ్ముడు ఎక్కినాడు, ఆయనా పోయినాడు. కాళ్ళ మీద నడిచి లోపలికి పోయినోళ్ళేగదా అందరూ."

"వాళ్ళు బాగా ముదిరినాక పోయినారు బావా. నువ్వు ముందే పోతున్నావు."

"నువ్వు రైళ్ళ డాక్టరువి. మనుషుల సంగతి నీకేం తెలుసురా?"

నేను గిద్దలూరు సెక్షన్‌లో రైల్వే సిగ్నళ్ళు చూసే ఇంజనీరుని. బావ ఆ ఉద్యోగానికి పెట్టిన పేరు అది. ఆయన లెక్కలో ఉన్న లోపం నాకు వెంటనే కనిపించింది. మిషను ఎక్కి బతికి ఉన్నవాళ్ళు దుకాణం నడుపుకుంటూ, బస్సు ఎక్కుతూ మన పక్కనే తిరుగుతుంటారు. ఆపరేషనుతో చేతి మీద ఉబ్బిన నరాన్ని పొడుగు చేతుల చొక్కాతో కప్పుకుంటారు. మనకు తెలిసేది పోయినవాళ్ళ సంగతే. ఈ సంగతి వివరంగా చెప్పాను. ఆయన నన్నే చూస్తూ విన్నాడు, తరువాత అక్కను మజ్జిగ అడిగాడు. లెక్క సరిచేసినంత మాత్రాన భయం తగ్గదని ఆరోజే నాకు తెలియవలసింది. ఎందుకంటే అదే లెక్క నా భయాన్నీ తగ్గించలేదు. ఆ వారమంతా డ్యూటీలో జేబులో ఫోను కదిలినప్పుడల్లా చేతిలో పని వదిలేసి ముందు దాన్ని తీసేవాణ్ణి. తెర మీద అక్క పేరు కాకుండా స్టేషను మాస్టరు పేరు కనిపిస్తే ఊపిరి వదిలేవాణ్ణి.

లెక్క పనిచేయకపోతే బతికినవాళ్ళ మాటలే వినిపిద్దామనుకున్నాను. బావ అంతకుముందు పేపరు మొదటి అక్షరం నుంచి చివరి ప్రకటన దాకా చదివేవాడు. కళ్ళు మసకబారాక అది పోయింది. చదివి వినిపించే మనిషి కావాలి. సెలవు దొరికిన ప్రతిసారీ గిద్దలూరులో రైలెక్కి, మార్కాపురం రోడ్డు స్టేషనులో దిగి, ఆటోలో ఊళ్ళోకి పోయేవాణ్ణి. సంచిలో రెండు మూడు ఆత్మకథలు ఉండేవి. ఆత్మకథకు ఒక సౌలభ్యం ఉంది. రాసిన మనిషి ఎన్ని ఆపదల్లో పడినా చివరి పేజీ రాసేనాటికి బతికే ఉంటాడు. పోయినవాళ్ళ లెక్క ఎంత ఏకపక్షమో ఇదీ అంతే ఏకపక్షమని నాకు తెలుసు. తెలిసే తీసుకుపోయాను.

చదవడం మొదలుపెట్టిన రోజే ఇంకొకటి గమనించాను. బావ ఊఁ కొడతాడు. చిన్నప్పుడు పెద్దవాళ్ళు కథ చెప్పేటప్పుడు ఊఁ కొట్టకపోతే కథ ఆపేసేవాళ్ళు కదా, ఆ అలవాటు ఆయనకు పోలేదు. వాక్యం ముగిసే చోట, కొన్నిసార్లు వాక్యం మధ్యలో, కళ్ళు మూసుకునే ఊఁ అనేవాడు. నా వృత్తిలో దీనికి సరిసమానమైన ఏర్పాటు ఒకటి ఉంది. పట్టాలలో ఎప్పుడూ సన్నని కరెంటు ఒకటి పారుతూ ఉంటుంది. అది అవతలి చివర ఉండే రిలేకు, అంటే కరెంటుతో పనిచేసే మీటకు, చేరినంతసేపే సిగ్నలు పచ్చగా ఉండగలదు. రైలు వచ్చినా, పట్టా విరిగినా, తీగ తెగినా కరెంటు చేరదు, సిగ్నలు ఎర్రబడుతుంది. కారణం ఏమిటన్నది తరువాత చూసుకుంటారు. ముందు అన్నీ ఆగుతాయి. బావ ఊఁ నాకు అట్లాంటి కరెంటే. పుస్తకం నచ్చితే అది బలంగా వచ్చేది, నచ్చకపోతే పలచబడేది.

మొదటి పుస్తకానికే పలచబడింది. చిన్న పల్లెలో పుట్టి పెద్ద అధికారి అయినాయన రాసుకున్న ఆత్మకథ అది. వరదలు వస్తే ఎదురు నిలిచాడు, అల్లర్లు జరిగితే మధ్యలోకి నడిచాడు, మంత్రి ఫోను చేస్తే కుదరదన్నాడు. నాకు ఆ పుస్తకం మీద గౌరవం ఉండేది. ఇరవయ్యేళ్ళ కుర్రవాడికి ఇప్పటికీ ఇస్తాను. బావ కొంతసేపు విని కళ్ళు తెరిచాడు.

"ఈయనకు ఎప్పుడన్నా జలుబన్నా చేసిందా?"

"ఇంకా రాలేదు బావా ఆ అధ్యాయం."

"వస్తే లేపు," అని గోడవైపు తిరిగాడు.

వంటింట్లోంచి అక్క నవ్వింది. "ఆయన చేత మన షెడ్డులో రాళ్ళు మోయించాలయ్యా. అప్పుడు తెలుస్తాది," అంది. జబ్బు బయటపడ్డాక ఆ ఇంట్లో నవ్వు వినడం అదే మొదలు. పుస్తకం ఓడిపోయినా ప్రయాణం వృథా కాలేదనుకున్నాను.

రెండోది పద్యనాటకాలలో ముప్ఫై ఏళ్ళు వేషాలు కట్టిన ఒక నటీమణి జ్ఞాపకాలు. తన పొగడ్తలు, సన్మానాలు ఆమె త్వరగా ముగించింది. ప్రతి ప్రదర్శనకూ ముందు తెర వెనక, చేతులు చల్లబడిపోయి, హార్మోనియం పెట్టె అంచు పట్టుకుని నిలబడేదాన్నని రాసింది. మొదటి పద్యం నోట్లోంచి వచ్చేదాకా అంతా మరిచిపోయాననే అనిపించేదట. ముప్ఫై ఏళ్ళ అనుభవం ఆ చలిని ఏమాత్రం తగ్గించలేదని, ఎత్తుకునే పద్యం మాత్రం ఎప్పుడూ ఆగలేదని రాసింది. ఆ పేజీ దగ్గర బావ ఊఁ మారింది. చదివిందే మళ్ళీ చదవమన్నాడు.

"చేతులు చల్లబడినాయని రాసిందా? పుస్తకంలో?"

"రాసింది బావా."

"ఆడమనిషికి ఉండే ధైర్యం ఆ ఆఫీసరు సారుకు లేకపోయెనే," అన్నాడు. కాసేపటికి తన రెండు అరచేతులూ ఒకదానితో ఒకటి రుద్దుకున్నాడు. అప్పుడు గమనించాను, ఆయన వేళ్ళు కూడా బిగుసుకుని ఉన్నాయి. జబ్బు సంగతి వచ్చినప్పుడల్లా వేళాకోళం ఆడే మనిషి లోపల ఎంత భయపడుతున్నాడో నాకు అప్పటిదాకా సరిగా తెలియలేదు. తెలిశాక నా భయం రెండింతలైంది.

మూడోదే అసలు పుస్తకం. మెట్టనేలలో బావులు తవ్వి బతికిన ఒక మనిషి ముసలితనంలో చెబుతుండగా ఆయన మనవరాలు రాసిపెట్టినది. అచ్చు బాగుండదు, కాగితం పలచన. కానీ పని వివరాలు ఇంత కచ్చితంగా రాసిన ఆత్మకథను నేను వేరే చదవలేదు. ఏ రాయి తరువాత ఏ మట్టి తగులుతుంది, తాడు ఎక్కడ ముందుగా అరుగుతుంది, పాతబడిన బావిలో అడుగున చెడుగాలి ఎట్లా నిలిచి ఉంటుంది, అన్నీ ఉన్నాయి. నడుముకు తాడు కట్టి దించిన ప్రతిసారీ భయమేసేదని ఆయన దాపరికం లేకుండా చెప్పాడు. వాళ్ళ పనిలో ఒక పద్ధతి ఉండేది. దిగిన మనిషి పైకి వచ్చేదాకా, పైన తాడు పట్టుకున్నవాడు మాట్లాడుతూనే ఉండాలి. ఎద్దుల ధర గురించో, వియ్యాలవారి తగవు గురించో, ఏదైనా సరే. కిందివాడు ఊఁ అంటూ ఉండాలి. ఊఁ రాకపోతే పైవాడు మళ్ళీ అడగకూడదు, కారణం ఆలోచించకూడదు, వెంటనే తాడు లాగెయ్యాలి. చెడుగాలి తగిలిన మనిషి కేక వెయ్యలేడు కాబట్టి ఆ పద్ధతి.

ఆ పేజీ చదువుతున్నప్పుడు బావ లేచి కూర్చున్నాడు.

"కుర్రతనంలో నేను దిగిన పలకల గుంటల్లో గూడా ఇంతేరా. పైనోడు నోరు మూస్తే కిందోడికి చెమటలు పడతాయి. ఏం మాట్లాడినా పరవాలా. మా దాంట్లో ఒకాయన పెళ్ళాన్ని తిట్టేవాడు, పొద్దస్తమానం అదే తిట్టు. కిందోళ్ళకు ఆ తిట్టే ప్రాణం."

"పైకి వచ్చినాక ఆమెకు చెప్పేవాళ్ళా?"

"ఎందుకు చెప్తారు? ఆమె తిట్టు మానిపిస్తే మేం ఏం కావాల?"

తరువాత ఏ పుస్తకం తీసుకుపోయినా ఆయన మొదటి ప్రశ్న ఒకటే: "ఇందులో బావిలోకి ఎక్కడ దిగతాడు?" నా కొలత నిజానికి బావ పెట్టిన కొలతే. పదాలు మార్చి నేను వాడుకుంటున్నాను.

అయితే ఆపరేషను మాట ఎత్తితే మాత్రం బావ, "ఈ పుస్తకం అయిపోనీ," అనేవాడు. అది అయిపోతే ఇంకొకటి. నేను తీసుకుపోతున్న పుస్తకాలే ఆయనకు వాయిదాలుగా పనికొస్తున్నాయని అర్థమయ్యాక నాకు నిద్ర సరిగా పట్టలేదు. పాదాలు ఉబ్బుతున్నాయి. చెప్పులలో దూరడం లేదని అక్క పెద్ద కొలత చెప్పులు తెప్పించింది. అన్నం తింటే ఆయాసం వస్తోందని బావ చెప్పలేదు, తినడం తగ్గించాడు.

ఈలోగా బావ ఇంట్లో ఆత్మకథల చదువు జరుగుతోందని బంధువులకు తెలిసింది. పరామర్శకు వచ్చేవాళ్ళు పళ్ళతో పాటు పుస్తకాలు తేవడం మొదలుపెట్టారు. వాటిలో ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు సొంత ఖర్చుతో వేయించుకున్న జీవితచరిత్ర ఉంది. నేను లేని రోజుల్లో అక్క దాన్ని తానే కూడబలుక్కుని చదివి వినిపించింది. అందులో ఆయన తనకు మూత్రపిండాలలో రాళ్ళు వచ్చాయని, పొద్దున లేచింది మొదలు బిందెలకొద్దీ మంచినీళ్ళు తాగి, కొండపిండి ఆకు కషాయం తాగి బాగుపడ్డానని రాశాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. రాళ్ళు ఉన్న, పనిచేస్తున్న మూత్రపిండాలకు అది జరిగి ఉండవచ్చు. పనిచేయడం మానేసిన మూత్రపిండాలకు అదే నీళ్ళు ఎటు పోవాలి? ఈ తేడా ఆ పుస్తకంలో లేదు. ఉండవలసిన అవసరమూ లేదు, ఆయన రాసింది తన కథ.

అక్క చేసిన తప్పు మా ప్రాంతం మనిషి తప్ప ఇంకొకరు చేయరు. మేము పుట్టినప్పటి నుంచీ నీళ్ళకు భయపడుతూ పెరిగినవాళ్ళం. బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లని పెచ్చు కడుతుంది. మా పెద్దవాళ్ళ పళ్ళ మీద గోధుమరంగు గీతలు, మోకాళ్ళు వంగని నడక, అన్నీ ఆ ఫ్లోరైడు నీళ్ళవేనని అందరికీ తెలుసు. చెడ్డ నీళ్ళు పాడుచేసినదాన్ని మంచి నీళ్ళు బాగుచేస్తాయని అక్కకు తోచింది. ప్లాంటు నుంచి వచ్చే కేన్ నీళ్ళంటే ఆమెకు మందుతో సమానం. డాక్టరు చెప్పిన లీటరు లెక్క బోరు నీళ్ళకేనని ఆమె మనసులో అర్థం చేసుకుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను, బావ అడిగితే, బావిమనిషి పుస్తకమే మళ్ళీ చదువుతున్నాను. బావ ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి కూర్చున్నాడు. పడుకుంటే ఊపిరి ఆడటం లేదన్నాడు. ఊఁ వస్తోంది, కానీ పొట్టిగా, గాలితో కలిసి వస్తోంది. ఒక పేరా చదివాను. ఊఁ రాలేదు. తల ఎత్తి చూశాను. నోరు తెరిచి ఉంది, పెదవుల రంగు మారింది, మెడ కండరాలు ప్రతి శ్వాసకూ లోపలికి గుంజుకుంటున్నాయి. కళ్ళు మాత్రం నన్నే చూస్తున్నాయి. ఆ కళ్ళలో వేళాకోళం లేదు.

నా చేతిలోంచి పుస్తకం ఎప్పుడు జారిందో తెలియదు. భయం వేస్తే కాళ్ళు చేతులు ఆడవంటారు. నాకు అట్లా కాలేదు. ఒక్కసారిగా అన్నీ మరీ స్పష్టంగా కనిపించాయి, గోడమీద క్యాలెండరు, కిటికీ ఊచకు ఆరేసిన తువ్వాలు, అక్క గ్లాసుతో నీళ్ళు పట్టుకుని రావడం.

"దగ్గు పట్టినట్టుంది. కొంచెం నీళ్ళు తాగితే దిగుద్ది," అంటోంది అక్క.

"రోజుకెన్ని నీళ్ళు ఇస్తున్నావక్కా?"

"మంచినీళ్ళే అబ్బయ్యా. కేన్ నీళ్ళు. బోరు చుక్క గూడా ముట్టనీలా. ఆ సారు పుస్తకంలో రాసినట్టే..."

నా ముఖం చూసి ఆగిపోయింది. గ్లాసు కింద పెట్టలేదు, ఇవ్వలేదు, అట్లాగే పట్టుకుని నిలబడింది. అంత ప్రేమను ఏమని తప్పు పట్టాలో తెలియలేదు, దానికి సమయమూ లేదు. పక్కింటి భాయ్ కారు తీశాడు. బావను కూర్చోబెట్టే తీసుకుపోవాలని, పడుకోబెట్టకూడదని నాకు ఎట్లా తోచిందో కానీ తోచింది. దారంతా ఆయన వీపుకు నా భుజం ఆనించి కూర్చున్నాను. ఆయన ఊపిరితిత్తులలో గురగుర నా ఎముకల్లోకి వినిపించింది.

ఆసుపత్రిలో ఆక్సిజన్ మాస్కు పెట్టి, ఇంజెక్షను ఇచ్చి, డాక్టరు నన్ను, అక్కను పక్కకు పిలిచాడు. ఒంట్లో చేరిన నీరు ఊపిరితిత్తులలోకి వచ్చిందని, మందుకు మూత్రం రావడం లేదని, వెంటనే మిషను మీద నీరు తీయకపోతే దక్కడం కష్టమని చెప్పాడు. చేతి ఆపరేషనుకు ఇక వ్యవధి లేదు. మెడ నరంలో గొట్టం వేసి మొదలుపెడతారు.

"ఆయన స్పృహలో ఉన్నాడు. ఒకమాట అడగండి," అన్నాడు.

అడగడానికి పోయాను. బావ మాస్కు లోపలి నుంచే తల అడ్డంగా ఊపాడు. అడగకముందే. అక్క మంచం అవతలివైపు నిలబడి ఆయన పాదం పట్టుకుని ఉంది. ఉబ్బిన ఆ పాదం మీద ఆమె వేళ్ళ గుంటలు పడి, అట్లాగే ఉండిపోతున్నాయి. ఆమె వాటిని చూస్తోంది.

"నేనే పోసినా," అంది నెమ్మదిగా. "నా చేత్తో నేనే పోసినా. వీళ్ళు తీస్తామంటా ఉండారు. తీయనియ్యి."

బావ ఆమె వైపు చూశాడు. తరువాత మాస్కు కొంచెం పక్కకు జరిపి, మాటకూ మాటకూ మధ్య ఊపిరి పీల్చుకుంటూ నాతో అన్నాడు:

"నువ్వు... పైన ఉంటావా?"

ఆ ప్రశ్న అక్కకు అర్థం కాలేదు, డాక్టరుకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

"ఉంటా బావా."

"నోరు... మూయగాకు."

మిషను గదిలోకి బంధువులను రానివ్వరు. సిస్టరును బతిమాలాను. మొదటిసారి, అందులోనూ రోగి మరీ బెదిరి ఉన్నాడని ఆమె ఒప్పుకుంది. చెప్పులు విప్పించి, నాకూ మాస్కు కట్టి, మంచం పక్కన నిలబడనిచ్చింది. గొట్టంలో ఆయన రక్తం బయటకు వచ్చి, మిషను చక్రం చుట్టూ తిరిగి, మళ్ళీ లోపలికి పోవడం చూశాను. నేను యంత్రాలతో బతికిన మనిషిని. ప్రతి గొట్టం దేనికో, ఏ అలారం ఎందుకు మోగుతుందో చూడగానే కొంత ఊహించగలను. ఆ ఊహ నాకు ఏ సాయమూ చేయలేదు. యంత్రం గురించి తెలిసినవాడికి అది ఎన్ని విధాలుగా ఆగిపోగలదో కూడా తెలుస్తుంది.

అప్పుడు గుర్తొచ్చింది, పుస్తకం ఇంట్లో నేలమీదే పడి ఉంది. చదవడానికి ఏమీ లేదు. బావ కళ్ళు నా మీదే ఉన్నాయి. మాట్లాడాలి. ఎద్దుల ధర నాకు తెలియదు. తెలిసింది చెప్పాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, అడవి వైపు ఒక స్టేషనులో, పట్టాలు మార్చే మోటారుకు మరమ్మతు చేసి, తీగలన్నీ మళ్ళీ కలిపి, పరీక్షించి, సరిగా ఉందని సంతకం చేసిన రోజు సంగతి. అన్నీ సరిచూశాను. మళ్ళీ చూశాను. అయినా మొదటి రైలు కూత వినిపించగానే, ఏ తీగ ఏ బిగింపులో పెట్టానో ఒక్కటీ జ్ఞాపకం రాలేదు. ఇంజను ఆ పట్టాల మీదకు వస్తుంటే నేను గట్టు మీద కూర్చుండిపోయాను. నిండా జనం ఉన్న పెట్టెలు ఒక్కొక్కటే దాటుతున్నాయి, కిటికీలో ఎవరో వేరుశనక్కాయలు తింటున్నారు. చివరి పెట్టె దాటేదాకా నేను ఊపిరి తీసుకోలేదు. ఈ మాట అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, మా ఇంట్లో కూడా.

ఆక్సిజన్ మాస్కు వల్ల ఆయన ఊఁ వినపడదు. ఎట్లా తెలుసుకోవాలి? చెబుతూనే నా చెయ్యి ఆయన చేతి కింద పెట్టాను. కాసేపటికి ఆయన చూపుడువేలు నా అరచేతిలో ఒకసారి నొక్కింది. వాక్యం ముగిసిన చోట నొక్కింది. తరువాతి వాక్యానికి మళ్ళీ నొక్కింది. నేను ఆ వేలి కోసమే మాట్లాడాను. మధ్యలో ఒకసారి అది రాలేదు. నేను కారణం ఆలోచించలేదు. "సిస్టర్," అన్నాను. ఆమె బీపీ చూసి, పడిపోతోందని చెప్పి, కాళ్ళవైపు మంచం ఎత్తి, మిషను వేగం తగ్గించి, ఏదో ఎక్కించింది. ఆ కొద్దిసేపూ నేను ఏం మాట్లాడానో నాకు గుర్తులేదు. ఆపలేదన్నది మాత్రం గుర్తుంది. స్టేషన్ల పేర్లు వరసగా చెప్పానని సిస్టరు తరువాత నవ్వుతూ చెప్పింది. మంచం దించేసరికి వేలు మళ్ళీ కదిలింది.

ఇప్పుడు బావ వారంలో మూడు రోజులు ఆ గదికి పోయివస్తున్నాడు. చేతి ఆపరేషను కూడా అయింది. పొడుగు చేతుల చొక్కా వేసుకోడు. ఉబ్బిన నరాన్ని చూసి అడిగినవాళ్ళకు, "పలకల గుంటలో దిగేదానికి నిచ్చెన," అని చెబుతాడు. అక్క నీళ్ళను గీతలున్న చిన్న సీసాలో కొలిచి ఇస్తుంది. ప్రధానోపాధ్యాయుడి పుస్తకాన్ని పరామర్శకు వచ్చిన బంధువుకే తిరిగి పంపేసింది. నేను ఆ పుస్తకాన్ని తప్పుపట్టను. ఏ ఆత్మకథనైనా మందుచీటీగా వాడవద్దని మాత్రం ఇచ్చేముందు చెబుతాను.

కాబట్టి చదవదగ్గవి అడిగితే ఇవి చెబుతాను. ఆ నటీమణి జ్ఞాపకాలు చదవండి, చేతులు చల్లబడే పేజీ కోసం. బావిమనిషి పుస్తకం, దొరికితే, వదలకండి. ఆ అధికారి ఆత్మకథ కూడా చదవండి, ఒంట్లో బాగున్న రోజుల్లో. వీలైతే ఇంకొకరికి చదివి వినిపించండి, పుస్తకం కన్నా వాళ్ళ ముఖం ఎక్కువ చూస్తూ.

నా భయం పోలేదు. మిషను రోజున ఫోను మోగితే ఇప్పటికీ చేతిలో పని వదిలేసి ముందు తెర మీద పేరే చూస్తాను. పోయిన సెలవుకు కొత్త పుస్తకం తీసుకుపోయాను, ఒక మంత్రసాని చెప్పిన జీవితం. అట్ట చూపిస్తే బావ చేత్తో తడిమి, మందం అంచనా వేసి, దిండుకు ఆనుకున్నాడు.

"బావిలోకి యాడ దిగతాది?"

"మూడో పేజీలోనే బావా."

"అయితే మొదలుపెట్టు," అన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. నేను మొదటి వాక్యం చదివి, ఆగి, చెవి ఒగ్గాను.

"ఊఁ," అన్నాడు.